ఆ ఫైల్లో తెలుగు ఆఫ్

శామీర్‌పేటలో మా సెంటరు తాళాలు నా దగ్గరే ఉంటాయి. సెంటరంటే పెద్దదేమీ కాదు. ఒక ఇంటి మేడమీద పొడుగాటి హాలు, గోడవెంట వరసగా కంప్యూటర్లు, కిటికీ పక్కన నల్లబల్ల. ఆడవాళ్ళకు చదువూ కంప్యూటరూ నేర్పే ఒక సంస్థ దాన్ని నడుపుతుంది. సంస్థ ఆఫీసు యాప్రాల్‌లో ఉంది. మేడ్చల్‌లో మాలాంటిదే ఇంకో సెంటరు ఉంది. ఇక్కడ తలుపులు తీసేదీ, ఊడ్చేదీ, సాయంత్రం బ్యాచీని కూర్చోబెట్టేదీ నేనే. ఆ సాయంత్రం బ్యాచీలోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికే నాకు నలభై దాటాయి.

మాది లాల్‌గడి మలక్‌పేట్. ఊరిచుట్టూ ద్రాక్షతోటలు ఉన్న కాలంలో పెరిగాను. మా అమ్మ వెంట తోటకు పోయి గుత్తుల్లోంచి పాడైన కాయలు ఏరేదాన్ని. నన్ను బడికి పంపవద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పంపుదామా అని కూడా ఎవరూ అనలేదు. అసలు ఆ మాటే పుట్టలేదు. తోటలు పోయి ప్లాట్లు వచ్చాక తుర్కపల్లిలో ఒక ల్యాబులో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడ మొదటిరోజు నేర్పిన పాఠం ఒక్కటే: ఏదీ ముట్టుకోవద్దు. సీసాల మీద ఏం రాసి ఉందో చదవలేని మనిషికి అది మంచి పాఠమే. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని నడవడం అలవాటైపోయింది. ల్యాబు మానేసి సెంటరు పనికి వచ్చాక కూడా ఆ అలవాటు చాలాకాలం పోలేదు.

కంప్యూటరు ముందు మొదట కూర్చున్నప్పుడు తెరమీద అంతా ఇంగ్లీషే. అప్పటి టీచరమ్మ చెప్పినట్టు గుర్తుపెట్టుకున్నాను. పైన ఎడమ చివర నొక్కాలి, కిందికి దిగాలి, మూడోది నొక్కాలి. ఎవరైనా ఏదో నొక్కి ఆ వరస మారిందంటే నాకు దారి తప్పిపోయేది. నా వెనక కూర్చున్నామె కూడా వేలితో గీతలు లెక్కపెడుతూ ఉండేది. ఇది చూసి టీచరమ్మ రోజుకొక మిషను చొప్పున, తన చేత్తో, అన్నిట్లోనూ తెలుగు పెట్టింది. నా మిషను వంతు వచ్చిన మర్నాడు తెరమీద 'తెరువు' అని ఉంది. 'భద్రపరచు' అని ఉంది. 'మూసివేయి' అని ఉంది. నేను 'తెరువు' మీద నొక్కాను. తెరుచుకుంది. ఏం నొక్కుతున్నానో తెలిసి నొక్కడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం దాన్ని ఎన్నిసార్లు తెరిచానో, ఎన్నిసార్లు మూశానో!

టీచరమ్మ తర్వాత వేరే ఊరికి వెళ్ళిపోయింది. ఆమె పెట్టిన తెలుగు మాత్రం ఉంది. అది ఉంటుందనే అనుకున్నాం.

ఒకరోజు పగటిపూట ఆఫీసు నుంచి కంప్యూటర్లు చూసుకునే అతను వచ్చాడు. నాకంటే బాగా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. మిషన్లన్నీ నెమ్మదిగా నడుస్తున్నాయని, అన్నిటినీ కొత్తగా చేస్తానని చెప్పాడు. చేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం బ్యాచీ వచ్చి తెరలు తెరిస్తే తెలుగు లేదు.

ముందుగా అరిచింది చేపలమ్మే ఆమె. శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డుపక్కన చేపలమ్ముతుంది. వాళ్ళాయన తెప్పమీద పోయి వలవేస్తాడు. చేతులు ఎంత కడుక్కున్నా కీబోర్డు నీసు కొడుతుందని పక్కవాళ్ళు ఆటపట్టిస్తే, "వాసన రాకుంటే నేనొచ్చిన్నని మీకెట్ల ఎరుకైతదే?" అంటుంది.

"అక్కా, గిదేంది, నా మిషను బదలాయించిన్రా?"

"నాదాంట్ల గూడ పోయింది," అన్నది పక్కనున్న కుట్టుపని ఆమె.

"ఇగ ఇంగ్లీషు నేర్చుకోమని గావచ్చు," అని ఇంకొకామె.

"నేర్చుకుంట. ఎవలు నేర్పుతరు? గీ డబ్బనా?" అని చేపలామె తెరను వేలితో పొడిచింది.

ఆ సాయంత్రం ఎవరూ ఒక్క ముక్క కొట్టలేదు. నవ్వులాటగా మొదలైంది గాని, ఇళ్ళకు పోయేటప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే దసరా దాటగానే సంస్థకు సాయం చేసేవాళ్ళు మా బ్యాచీని చూడడానికి వస్తున్నారు. పగలు పనికి పోయే ఆడవాళ్ళు నిజంగా ఏమైనా నేర్చుకుంటున్నారా అని వాళ్ళకు అనుమానం. ఒక్కొక్కరూ ఎవరి సాయమూ లేకుండా మిషను తెరిచి, నాలుగు మాటలు రాసి, దాన్ని భద్రపరిచి చూపించాలి. చూపిస్తే సాయంత్రం బ్యాచీ ఉంటుంది. లేకపోతే తీసేసి, కాలేజీ పిల్లలకు పగటి బ్యాచీ మాత్రం ఉంచుతారు. మాకు పగలు ఎక్కడిది?

నేను ఫోన్ చేస్తే ఆ కంప్యూటర్ల తమ్ముడు మర్నాడు వచ్చాడు. తెలుగు ఎందుకు తీసేశావని అడిగాను.

"నేను తియ్యలేదక్కా. అది రాలేదు."

"రాకపోవుడేంది?"

అతను ఓపిక ఉన్న మనిషి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మిషను నడవాలంటే దాంట్ల ఆపరేటింగ్ సిస్టమ్ అని ఒకటుంటది. గదాన్ని కొత్తగ ఎక్కించేటప్పుడు మస్తు సవాల్లు అడుగుతదక్కా. ఏ దేశం, ఏ టైము, ఏ భాష, గిది కావాల్నా, గది కావాల్నా. ఒక్కొక్క మిషను ముంగట కూసోని జవాబు జెప్పుకుంట పోతే నా బతుకంతా గీడనే తెల్లారుతది. అందుకే జవాబులన్నీ ముందుగాలనే ఒక ఫైల్ల రాసిపెడతం. పెన్‌డ్రైవ్ పెడితే మిషను గా ఫైలు జూసుకుంటది. ఎవ్వర్నీ అడగది. దగ్గర మనిషి ఉండే పనే లేదు. నేను చాయ్ తాగొచ్చేసరికి అయిపోతది."

"మరి తెలుగు?"

"గది ఆప్షనల్ అక్కా. అంటే ఉంటే ఉండొచ్చు, లేకున్నా మిషను నడుస్తది. గసొంటియి చానా ఉంటయ్. ఒక్కోదానికి ఎదురుంగ ఆన్ అనో ఆఫ్ అనో రాసి ఉంటది."

"తెలుగుకు ఏం రాసి ఉన్నది?"

తన ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిచి నావైపు తిప్పాడు. తెరంతా ఇంగ్లీషు. అప్పటికి నాకు వచ్చిన ఇంగ్లీషు మాటలు కొన్నే. స్విచ్చుల మీద రోజూ చూసే ఆన్, ఆఫ్ వాటిలో ఉన్నాయి. ఎడమవైపు పేర్లు అతను చదువుతుంటే కుడివైపు నేను చూశాను. చీట్లాట, ఆఫ్. దాని కింద తెలుగు, ఆఫ్. ఇంకా కిందికి దిగితే ఫ్యాక్స్ అని ఒకటి ఉంది, ఆన్.

"ఫ్యాక్స్ అంటే ఏంది తమ్మీ?"

"కాయిదాన్ని ఫోన్ తీగల నుంచి పంపేది. ఇప్పుడు ఎవ్వరు వాడరు."

"మరి అది ఆన్ ఎందుకున్నది?"

"ఎవరో ఎన్నడో రాసిన్రక్కా. నేను నౌకరీల జేరేసరికే గట్లున్నది. నేను దాన్నే కాపీ కొట్టుకుంట వస్తున్న."

నాకు అతని మీద కోపం రాలేదు. కోపం రావడానికి అక్కడ మనిషే లేడు, అదీ నా బాధ. ఎవరో ఒకతను, ఎప్పుడో ఒక మధ్యాహ్నం, చీట్లాట కింద మా భాషను చూసి, ఆఫ్ అని కొట్టి ఇంకో పనికి పోయాడు. వాడికి మా మీద పగ లేదు. మేమున్నామని కూడా వాడికి తెలియదు. నన్ను బడికి పంపకపోవడం కూడా ఇట్లాంటిదే. ఎవరూ కాదనలేదు. ముందే ఎక్కడో జవాబు రాసి ఉంది, అందరూ దాన్నే కాపీ కొట్టుకుంటూ వచ్చారు. చిన్నప్పుడు నాకు నోరు లేదు. ఇప్పుడుంది.

"దాన్ని ఆన్ జెయ్యి," అన్నాను.

"నా చేతుల లేదక్కా. అన్ని సెంటర్లకు ఒకటే ఫైలు. మేడం ఒప్పుకోవాలె."

"రేపు యాప్రాల్ పోత."

"రేపు మేడంకు మీటింగ్ ఉన్నది."

"అయ్యేదాంక కూసుంట."

చేపలామె గంప వాళ్ళత్తకు అప్పగించి నా వెంట వచ్చింది. బస్సు దిగి, షేరింగ్ ఆటో ఎక్కి యాప్రాల్ చేరాం. ఆఫీసంటే ఒక కాలనీలో ఇల్లే, ముందు గదిలో బల్లలు వేసుకున్నారు. మా సెంటర్లన్నీ చూసే మేడం మమ్మల్ని కూర్చోమన్నది, నీళ్ళు ఇప్పించింది. మంచి మనిషే, చెడ్డ మనిషైతే మా పని సులువయ్యేది. తమ్ముడు కూడా ఆ గదిలోనే ఒక మూల తీగలు చుట్టుకుంటూ ఉన్నాడు.

"తెలుగు పెడితే మిషన్లు బరువెక్కుతాయమ్మా. అసలే పాతవి," అన్నది మేడం. "పైగా ఒక్కో సెంటరుకు ఒక్కో రకంగా పెడితే, ఏదైనా చెడిపోయినప్పుడు ఈ అబ్బాయి ఎట్లా చూసుకుంటాడు? ఉన్నది ఒక్కడు. అందుకే అన్నిచోట్లా ఒకటే."

"మరి గా ఫ్యాక్సు బరువుండదా మేడం?" అన్నది చేపలామె.

మేడం తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు తీగల వైపు చూశాడు. మేడం నవ్వింది. "అది చిన్నదమ్మా. అయినా తీసేయమంటాను. తెలుగు అట్లా కాదు, చాలా చోటు తీసుకుంటుంది. అయినా ఇంగ్లీషులో నేర్చుకుంటే రేపు ఎక్కడికి పోయినా పనికొస్తుంది కదా. మీ మంచికే చెప్తున్నాను."

మీ మంచికే అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ల్యాబులో కూడా ఆ మాటే అనేవాళ్ళు. "ఇంగ్లీషు వద్దంటలేం మేడం," అన్నాను. "పొద్దంత పని జేసొచ్చి కూసునేటోళ్ళం. మాకు చదవొచ్చిన భాషల మిషను పట్టుకుంటే, అటెన్క ఇంగ్లీషు గూడ పట్టుకుంటం. రెండు కొత్తవి ఒక్కపాలె మీదేస్తే రెండు పోతయ్. తెలుగు పెడతరా పెట్టరా, ఒక్క మాట జెప్పున్రి. పెట్టరంటే మా బ్యాచీని జూడొచ్చేటోళ్ళకు నేనే జెప్త, ఎందుకు పెట్టలేదో."

మేడం నవ్వు పోయింది.  తమ్ముడి వైపు తిరిగి, శామీర్‌పేటకు ఒక్కదానికి వేరే ఫైలు చెయ్యమన్నది. మాతో మాత్రం గట్టిగానే చెప్పింది: "ఒకసారి చేసి చూస్తాం. నిలిస్తే సరే. ఏదైనా ఆగిపోయిందంటే అందరికీ ఉన్న ఫైలే వేయిస్తాను. వచ్చేవాళ్ళ ముందు సగం సగం పని చూపించలేను."

దసరాకు ముందురోజు మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. నా ముందే ఫైలు తెరిచి, తెలుగుకు ఎదురుగా ఉన్న ఆఫ్‌లో రెండక్షరాలు తుడిచి ఒక అక్షరం కొట్టాడు.

"అంతేనా?"

"గంతే అక్కా."

ఆ రెండక్షరాలు తుడవడానికి మేం యాప్రాల్ దాకా పోయి రావలసి వచ్చింది.

ఒక్కో మిషనుకూ పెన్‌డ్రైవ్ పెట్టి తీసుకుంటూ పోయాడు. మిషన్లు వాటంతటవే నడవడం మొదలుపెట్టాయి. తెలుగు భాగం మాత్రం నెట్‌లోంచి దిగాలట. మా సెంటరు నెట్ సన్నటి దారమంత. అన్ని మిషన్లూ ఒకేసారి గుంజుతాయి కాబట్టి పొద్దున దాకా పడుతుందన్నాడు. "ఎవ్వరు ముట్టొద్దు, బంద్ జెయ్యొద్దు. దగ్గర ఉండే పని లేదు. తాళం బెట్టుకొని పోండ్రి. నేను పండుగ జేసుకొని వస్త," అని తన ఊరి బస్సెక్కాడు.

మా సెంటర్లో ఒక పద్ధతి ఉంది. దసరా పొద్దున బ్యాచీ వాళ్ళంతా వచ్చి మిషన్లకు ఆయుధపూజ చేస్తారు. ఎవరింట్లో వాళ్ళ పనిముట్లకు చేసుకున్నట్టే ఇక్కడా. ఆ రోజు నాకు మా ఊళ్ళో ఇంటి పని ఉంటుంది కాబట్టి తాళాలు చేపలామెకు ఇచ్చాను. ముట్టుకోవద్దని తమ్ముడు చెప్పిన మాట కూడా చెప్పే ఇచ్చాను. బటన్ల జోలికి పోకుండా బొట్టు పెట్టండి అన్నాను.

ఇంటి పని ముగించుకుని నేను పోయేసరికి హాలంతా బంతిపూలు. ఒక్కో మిషనుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు నిమ్మకాయ ఉంచారు. కీబోర్డులు తుడిచి బోర్లించారు. గుమ్మంలో చేపలామె కొత్తచీర కట్టుకుని నిలబడింది.

"సూడక్కా, ఎట్ల తయారు జేసిన్నో!"

"తెరలన్నీ నల్లగున్నయేందే?"

"బంద్ జేసిన. నడిచే పనిముట్టుకు పూజ ఎట్ల జేస్తరక్కా? మా ఇంట్ల తరాజు బోర్లేసినం, వలలు మడతబెట్టినం, ఆయన తెప్పను ఒడ్డుకు గుంజిండు. మేము పొద్దుగాల వచ్చేసరికి గివి ఒక్కటే మెరుసుకుంట ఉన్నయ్. పండుగ పూట అవిటికి గూడ ఆరాం ఇయ్యాలె కద."

"ముట్టుకోవద్దని చెప్పిన్నా లేదా?"

"మిషను బటన్లు ముట్టుకోలేదక్కా. ఒట్టు. గోడకున్న పెద్ద స్విచ్చి దించిన."

 తిట్టబోయి ఆగిపోయాను. ఆమె చేసింది భక్తితో చేసిన పని. మాకెవరికీ ఒక పనిముట్టు తనంతట తాను, మనిషి లేకుండా, పండుగపూట కూడా పని చేస్తుందంటే ఊహకు అందలేదు. కొడవలి అట్లా చెయ్యదు. తరాజు అట్లా చెయ్యదు. కుట్టుమిషను అట్లా చెయ్యదు.

స్విచ్చి వేసి ఒక్కోదాన్నీ లేపాం. కొన్నిటిలో తెలుగు వచ్చి ఉంది. కొన్ని తెరమీద ఇంగ్లీషులో ఏదో చూపిస్తూ, చాలాసేపు తిరిగి తిరిగి, ఇంగ్లీషులోనే లేచాయి; మధ్యలో ఆగిన పనిని అవి వెనక్కి తీసుకున్నాయని తర్వాత తమ్ముడు చెప్పాడు. ఒకటి అసలు లేవలేదు. చేపలామె పూలు తీసి ఒళ్ళో వేసుకుని, "నేను జేసిన. మేడంకు నేనే జెప్త," అన్నది.

ముందు నేను తమ్ముడికి ఫోన్ చేశాను. వాళ్ళ ఊళ్ళో డప్పుల మధ్య నుంచి అతని గొంతు వినబడింది. విషయం మొత్తం విని, "పూజనా?" అన్నాడు. మళ్ళీ "పూజనా అక్కా?" అన్నాడు. ఆ తర్వాత మేడంకు చేశాను. ఆమె అరవలేదు. "ఒకసారి చూస్తామన్నాను కదమ్మా. ఎల్లుండి వాళ్ళు వస్తున్నారు. రేపు పొద్దున అబ్బాయి వచ్చి అన్నీ ఒకేలా చేసిపోతాడు," అన్నది.

"ఒకేలా అంటే అన్నింట్ల తెలుగే పెట్టొచ్చు కద మేడం."

"మళ్ళీ ఆగిపోతే? వద్దమ్మా." ఫోన్ పెట్టేసింది.

ఆ పూట మేం పూలన్నీ ఏరి, పసుపు తుడుస్తూ మాట్లాడుకున్నాం. పెద్ద ఆలోచనేమీ కాదు. కొత్త ఫైలు ఎక్కించేటప్పుడు మిషను దగ్గర ఎవరూ ఉండకూడదన్నాడు కదా తమ్ముడు. ఉందాం అనుకున్నాం. అంతే.

మర్నాడు తమ్ముడు వచ్చేసరికి ఏ కుర్చీ ఖాళీ లేదు. చేపలామె చెరువుకు పోలేదు. కుట్టుపని ఆమె కొట్టు తెరవలేదు. కూలికి పోయే ఇద్దరు అడ్డామీదికి పోకుండా ఇటే వచ్చారు. లేవని మిషను ముందు కూడా ఒకామె కూర్చుంది. అందరి చేతులూ కీబోర్డుల మీద ఉన్నాయి.

"లేవండమ్మా, జల్దీ అయిపోతది," అన్నాడు తమ్ముడు.

"మా పనిల మేమున్నం తమ్మీ," అన్నది కుట్టుపని ఆమె.

"నీ మిషను సచ్చిపోయి ఉన్నది కదమ్మా, నువ్వేం పని జేస్తున్నవ్?" అని లేవని మిషను ముందున్నామెను అడిగాడు.

"దాన్ని కావలి గాస్తున్న."

అందరూ నవ్వారు. అతనికీ నవ్వొచ్చింది గాని మింగేశాడు. పెన్‌డ్రైవ్ చేతిలో తిప్పుకుంటూ నా దగ్గరికి వచ్చి మెల్లగా, "అక్కా, నా నౌకరీ పోతది," అన్నాడు.

"నిన్నెందుకు అంటరు? మేడంకు ఫోన్ జెయ్యి. ఆడోళ్ళు కుర్చీలకెళ్ళి లేస్తలేరని జెప్పు. అబద్ధం కాదు గద."

అతను చేసి, అందరికీ వినబడేటట్టు ఫోన్ బల్లమీద పెట్టాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నది మేడం. "ఇట్లా మొండిపట్టు పడితే సాయంత్రం బ్యాచీయే పోతుంది. తెలుస్తోందా?"

చేపలామె ఫోన్ మీదికి వంగింది. "స్విచ్చి దించింది నేను మేడం. నన్ను బ్యాచీల నుంచి తీసెయ్యున్రి. వీళ్ళను తియ్యకున్రి."

"ఎవ్వర్నీ తియ్యరు, నువ్వుండు," అని ఆమెను వెనక్కి లాగాను. "మేడం, నేను మాట్లాడుతున్న. ఇంగ్లీషు ఫైలు వేయించున్రి. రేపు వాళ్ళొచ్చి రాయమంటే ఏం జేస్తం? ఏది నొక్కాల్నో తెల్వక చేతులు ముడుచుకొని కూసుంటం. గప్పుడు బ్యాచీ పోదా? గట్ల పోయేదే అయితే తెలుగు పెట్టుకొనే పోనియ్యున్రి. మాకు చాతగాక పోయిందని అనిపించుకోం. ఆగిపోతే ఆగిపోయిందని వాళ్ళ ముంగట నేనే నిలబడి జెప్త. మీ మీద మాట రానియ్య. గని ఈ కుర్చీలకెళ్ళి మాత్రం లేవం."

  తమ్ముడు ఫోన్ మీదికి వంగాడు.

"మళ్ళీ మొదలుపెడితే ఎప్పటికవుతుంది?" అన్నది మేడం అతనితో.

"కరెంటు ఉంటే, ఎవ్వరు పూజ చెయ్యకుంటే, పొద్దుగూకే వరకు అయితది మేడం."

అటునుంచి నవ్వు వినబడినట్టే ఉంది. లేకపోతే నాకు అట్లా అనిపించిందో. "సరే, వెయ్యి," అన్నది.

తమ్ముడు ఇంకో పెన్‌డ్రైవ్ తీశాడు. అప్పుడు తెలిసింది, రెండూ తెచ్చుకున్నాడని. ఆ సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు. తెలుగు రాని మిషన్లన్నిటికీ మళ్ళీ పెట్టాడు. "ఇగ మీరు పోవొచ్చమ్మా, దగ్గరుండే పని లేదు," అన్నాడు అలవాటు కొద్దీ. ఎవరూ కదలలేదు. ఇంటినుంచి మిగిలిన గారెలు తెప్పించుకుని తిన్నాం, అతనికీ పెట్టాం. తెరమీద గీత పాకుతుంటే పందెంకోళ్ళను చూసినట్టు చూశాం. "నాది నీదాన్ని దాటేసింది సూడు," అని పక్కపక్కవాళ్ళు పోట్లాడుకున్నారు. చేపలామె మాత్రం గోడకున్న పెద్ద స్విచ్చికి వీపు ఆనించి, ఎవరూ అటు రాకుండా సాయంత్రం దాకా అక్కడే నిలబడింది.

వెలుతురు తగ్గుతుండగా ఒక్కోటీ తెలుగులో లేచాయి. లేవని మిషను లేవనే లేదు. దాన్ని తీసి మూలన పెట్టాం.

వచ్చినవాళ్ళు మర్నాడు ఎక్కువసేపేమీ ఉండలేదు. హాలంతా ఒకసారి తిరిగారు. వాళ్ళలో ఒకాయన చేపలామె వెనక ఆగి, నీకు తోచింది రాయమ్మా అన్నాడు. ఆమె రవ్వ, బొచ్చె, కొర్రమట్ట అని ఆ పొద్దు గంపలో ఉన్న చేపల పేర్లన్నీ కొట్టింది. 'భద్రపరచు' మీద నొక్కింది. మూసింది. మళ్ళీ తెరిచి చూపించింది. "కొర్రమట్ట అయిపోయింది, రేపు రాండ్రి సారు," అన్నది. ఆయన పక్కనున్న మేడం మొదటిసారి మా ముందు పళ్ళు కనబడేటట్టు నవ్వింది. సాయంత్రం బ్యాచీ ఉంటుందని ఆ వారంలోనే కబురు వచ్చింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేదని కొందరు అన్నారు. నేను ఊరుకోలేదు. కబురు చెప్పడానికి వచ్చిన మేడంను, మిగతా సెంటర్ల సంగతి ఏమిటని అడిగాను.

"మీకు ఇచ్చాం కదమ్మా. వాళ్ళెవరూ అడగలేదు."

"వాళ్ళకు తెలుగు పెట్టొచ్చని ఎరుకనా మేడం?"

ఆమె బ్యాగు సర్దుకుని లేచింది.

తర్వాతి సెలవురోజు మేడ్చల్ బస్సెక్కాను. అక్కడి సెంటర్లో నాకు ఎవరూ తెలియదు. పక్క ఊరి సెంటరు నుంచి చూడ్డానికి వచ్చానని చెప్పి వెనక బల్లమీద కూర్చున్నాను. ఒక పెద్దామె తెరమీద వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టుకుంటోంది. ఒక గీత తప్పింది. ఏదో మూసుకుపోయింది. ఆమె చేతులు రెండూ వెనక్కి లాక్కుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. నేను పోయి పక్కన కూర్చుని, మా దగ్గర ఇదే మిషను తెలుగులో ఉంటుందని చెప్పాను.

"ఉత్తదే," అన్నది. "కంప్యూటర్ల తెలుగు ఎట్లుంటదమ్మా?"

నా ఫోన్‌లో మా సెంటరు తెర ఫోటో చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కో మాటా పైకి చదివింది. చుట్టూ జనం చేరారు. ఎందుకొచ్చిన లొల్లి అన్నవాళ్ళూ ఉన్నారు. మా మేడం బాధపడుతుంది అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ పెద్దామె మాత్రం ఫోన్ తిరిగి ఇవ్వకుండా, మీరు ఏం చేసి తెచ్చుకున్నారో మొదటినుంచి చెప్పమన్నది. చెప్పాను. పూజ సంగతి కూడా దాచలేదు.

కొన్నాళ్ళకు సెంటరు ఊడుస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నేను మేడ్చల్ల ఉన్న. మిషన్లు కొత్తగ చేద్దామని వస్తే ఒక్కరు గూడ కుర్చీలకెళ్ళి లేస్తలేరు. నువ్వే జెప్పినవా?"

"నేనే జెప్పిన."

"మరి నేనేం జెయ్యాలె?"

"మేడంకు ఫోన్ జెయ్యి," అని చీపురు పట్టుకుని మళ్ళీ పనిలో పడ్డాను.